ఇందిర రాజకీయ జీవితం: కాగితాల్లో మనవాళ్లు ఎక్కడ జారుతున్నారు?

ఏడురోడ్ల_కూడలి (శ్రీకాకుళం)

గ్రూప్స్‌కి రాసేవాళ్ల కాగితాల్లో ఇందిరా గాంధీ అనగానే ఒకటే వరస. పుట్టుక, వానరసేన, బ్యాంకులు, బంగ్లాదేశ్, ఎమర్జెన్సీ, హత్య. తారీకులు ఉంటాయి. ఒక తారీకు నుంచి రెండో తారీకుకి ఎలా వచ్చామన్నది ఎక్కడా ఉండదు. ఏటి రాయాలో, ఏటి ఒగ్గేయాలో తెలిసినోళ్లు సెప్పండి. ముఖ్యంగా 1969, రాష్ట్రపతి ఎన్నికా కాంగ్రెస్ చీలికా వచ్చిన ఏడు. అందరూ రెండు వాక్యాల్లో దాటేస్తన్నారు.

గంటస్తంభం (విజయనగరం)

1969 అర్థం కావాలంటే 1966 నుంచి మొదలుపెట్టాలి. "నెహ్రూ కూతురు గనక ప్రధాని అయింది" అని రాసి వదిలేస్తే సగమే రాసినట్టు. నెహ్రూ 1964 మే 27న పోతే ఆ కుర్చీలోకి వచ్చింది లాల్ బహదూర్ శాస్త్రి. ఇందిర రాజ్యసభకు వెళ్లి ఆయన మంత్రివర్గంలో సమాచార, ప్రసార శాఖ చూశారు. 1966 జనవరి 11న శాస్త్రి తాష్కెంట్‌లో చనిపోయాక మొరార్జీ దేశాయ్ పోటీ నుంచి తప్పుకోనన్నారు. జనవరి 19న పార్లమెంటరీ పార్టీలో ఓటింగు జరిగింది. ఇందిరకు 355, మొరార్జీకి 169.

ఆ 355 వెనక ఉన్నది కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్, ముఖ్యమంత్రులు. ఈవిడైతే చెప్పిన మాట వింటుందన్నది వాళ్ల లెక్క. సోషలిస్టు నాయకుడు లోహియా "గూంగీ గుడియా" అని ఎగతాళి చేశారు, అంటే మూగబొమ్మ. జనవరి 24న ప్రమాణం చేసేనాటికి ఆమె ఇంకా రాజ్యసభ సభ్యురాలే. రాయబరేలీ నుంచి లోక్‌సభకు వెళ్లింది 1967లో.

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. ఇక్కడ అంకె తప్పుతారు. డాలరు 4.76 నుంచి 7.50కి పెరిగింది. డాలరు ధర చూస్తే పెరుగుదల 57.5 శాతం, రూపాయి విలువ చూస్తే తగ్గుదల 36.5 శాతం. రెండూ నిజమే, దేని శాతమో చెప్పకుండా రాస్తేనే తప్పు.

1967 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 520లో 283 సీట్లే వచ్చాయి. కామరాజ్ విరుదునగర్‌లో, ఎస్.కె.పాటిల్ బొంబాయిలో, అతుల్య ఘోష్ బంకురాలో ఓడిపోయారు. పార్టీ చిక్కిపోయింది, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టిన సిండికేట్ పెద్దలు ఇంకా చిక్కిపోయారు. 1969కి పునాది ఇది.

ఉద్దానం_జీడి (పలాస వైపు)

ఒక చిన్న తప్పు కూడా పట్టుకోండి మాస్టారూ. "ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని" అని ఇప్పటికీ రాస్తన్నారు. సిరిమావో బండారనాయకే 1960లోనే అయిపోయింది, మనావిడ రెండోది. గాంధీ ఇంటిపేరు కూడా ఫిరోజ్ గాంధీ నుంచి వచ్చిందే, 1942 మార్చి 26న పెళ్లి. మహాత్ముడితో చుట్టరికం లేదు.

బొబ్బిలి_వీణ

1969లో మన జిల్లాల మనిషి ఒకాయన మధ్యలో ఉన్నాడు. మనవాళ్లే ఆయన పేరు ఒక్కసారి రాసి ఊరుకుంటారు. వరాహగిరి వెంకటగిరి. పుట్టింది బరంపురం. 1937లో మద్రాసు శాసనసభకు బొబ్బిలి నుంచి నిలబడి, జస్టిస్ పార్టీ నాయకుడూ అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినవాడూ అయిన బొబ్బిలి రాజానే ఓడించాడు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు.

1957లో పార్వతీపురంలో ఓడిపోయాడు, ఆ ఓటమి సుప్రీంకోర్టు దాకా పోయింది. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక సీటు జనరల్, ఒకటి గిరిజన రిజర్వుడు. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాణ్ణి ముందు రిజర్వుడు సీటుకు ఎంచుతారు, మిగిలినవాళ్లందరిలో ఎక్కువ వచ్చినవాడికి జనరల్ సీటు. ఆ రెండోవాడూ గిరిజనుడే, డిప్పల సూరిదొర. జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని గిరి వాదన. ఇవ్వొచ్చు, జనరల్ అంటే అందరిదీ అని 1959లో కోర్టు తేల్చింది. ద్విసభ్య పద్ధతే 1961లో పోయింది. "మన ప్రాంతపు రాజకీయ నాయకులు" అనే ప్రశ్నకూ ఇది పనికొస్తుంది, దాచుకోండి.

మహేంద్రతనయ (పాతపట్నం)

వీణ గారు పునాది వేశారు, ఓట్ల సంగతి నేను రాస్తాను.

రాష్ట్రపతి జాకిర్ హుసేన్ 1969 మే 3న చనిపోయారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు నీలం సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. జగ్జీవన్ రామ్ కావాలన్న ఇందిర మాట అక్కడ చెల్లలేదు. గిరి తానే నిలబడతానన్నారు, స్వతంత్రుడిగా. అంటే ఒకవైపు అనంతపురం, ఇంకోవైపు పాతపట్నం. దేశమంతా చూస్తున్న పోటీలో ఇద్దరూ తెలుగువాళ్లే. జనసంఘ్, స్వతంత్ర పార్టీల అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. మొత్తం 15 మంది బరిలో ఉన్నారు. అప్పటికి ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరిచేవాడు ఉంటే నామినేషన్ చెల్లేది. ఈ గుంపు చూసే 1974లో పదేసి మంది కావాలని చట్టం మార్చారు, 1997లో యాభయ్యేసి చేశారు.

ఓటు విలువ లెక్క: రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1000తో భాగించాలి. 1961 జనగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభా 3,59,83,447. ఎమ్మెల్యేలు 287. భాగిస్తే 1,25,378. వెయ్యితో భాగిస్తే 125, మిగిలిన 378 ఐదువందల లోపే గనక వదిలేస్తారు. కాబట్టి మన ఎమ్మెల్యే ఓటు 125. అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యేల విలువా కలిపి ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు 576 వచ్చింది.

పోలింగు ఆగస్టు 16, లెక్కింపు 20. తొలి ప్రాధాన్య ఓట్లు:
గిరి 4,01,515
సంజీవరెడ్డి 3,13,548
దేశ్‌ముఖ్ 1,12,769
మిగిలిన 12 మందికీ కలిపి 8,505

మొత్తం చెల్లిన ఓట్ల విలువ 8,36,337. అందులో సగానికి పైన ఒకటి, అంటే 4,18,169 వస్తేనే గెలుపు. గిరి మొదటి స్థానంలో ఉన్నారు గానీ గీత దాటలేదు. అప్పుడు అడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ల బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికుంటే వాళ్లకు కలుపుతూ వచ్చారు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427.

ఏడురోడ్ల_కూడలి

అక్కా, అంటే రెండో ప్రాధాన్య ఓట్లు గిరికే ఎక్కువ పడ్డాయన్నమాట. "ద్వితీయ ప్రాధాన్య ఓట్లతో గిరి గెలుపు" అని గైడ్లన్నిట్లోనూ ఉంటంది.

మహేంద్రతనయ

అందరూ బోల్తాపడేది అక్కడే తమ్ముడూ. నేనిచ్చిన అంకెలే ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూడు. రెండో విడతలో గిరికి కలిసింది 18,562. రెడ్డికి కలిసింది 91,879. గిరి కంటే రెడ్డికి దాదాపు ఐదు రెట్లు. దేశ్‌ముఖ్ ఓటర్లలో పెద్ద భాగం కాంగ్రెస్ పెద్దలు అడిగినట్టే రెడ్డికి రెండో అంకె వేశారు. అయినా తొలి విడతలోని 87,967 తేడా పూడలేదు. ఇంకో 10,833 విలువైన బ్యాలెట్ల మీద ఈ ఇద్దరిలో ఎవరికీ తరువాతి ప్రాధాన్యం లేదు, అవి మురిగిపోయాయి. గీత దాటడానికి గిరికి కావాల్సింది 16,654 మాత్రమే. అది దొరికింది.

కాబట్టి "రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో గిరి గెలిచారు" అని రాస్తే సరి. "రెండో ప్రాధాన్య ఓట్లు ఎక్కువ రావడం వల్ల" అని రాస్తే తప్పు. ఆయన గెలుపు తొలి ప్రాధాన్యంలోనే ఉంది, అంటే సొంత పార్టీ అభ్యర్థిని వదిలేసిన కాంగ్రెస్ ఓట్లలో.

గంటస్తంభం

ఆ ఓట్లు ఎలా కదిలాయో కూడా చెప్పాలి. సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద సంతకం చేసింది ఇందిరే. తరువాత కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర నాయకులను కలిసి రెండో ప్రాధాన్యం రెడ్డికి వేయించమని అడిగారు. ఇందిరకు దొరికిన సాకు అది. ప్రతిపక్షాలతో చేతులు కలిపారంటూ విప్ (ఫలానావాళ్లకే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఇవ్వనని, ఎవరి అంతరాత్మ ప్రబోధం మేరకు వాళ్లు ఓటేయమని తేల్చింది. ఓటింగు రహస్యం, తప్పినవాణ్ణి పట్టుకునే దారి లేదు. నవంబర్ 12న ఆమెను పార్టీ నుంచి బహిష్కరించారు. అప్పటికే ఎంపీల్లో ఎక్కువమంది ఆమె వైపు ఉన్నారు, పార్టీ రెండుగా చీలింది.

నా అభిప్రాయం అడిగితే, ఆమె రాజకీయ జీవితంలో అసలు మలుపు యుద్ధం కాదు, ఈ ఆగస్టు 20. సొంత పార్టీ అభ్యర్థిని ఓడించి పార్టీనే గెలుచుకోవడం అంతకుముందు ఇక్కడ ఎవరూ చేయలేదు. అది మంచికా చెడుకా అన్నది వేరే ప్రశ్న. పార్టీలో కమిటీల మాట చెల్లకపోవడం ఇక్కడి నుంచే మొదలైందని నేను చదువుకుంటాను.

తోటపల్లి_కాలువ (పార్వతీపురం)

బ్యాంకుల్ని మరిచిపోతున్నారు. బెంగళూరు సమావేశానికీ గిరి గెలుపుకీ మధ్యలో జరిగిందది. జూలై 16న మొరార్జీ నుంచి ఆర్థికశాఖ తీసేసుకున్నారు. 19న, శనివారం సాయంత్రం, ఆర్డినెన్సుతో 14 బ్యాంకులు జాతీయం. కొలబద్ద 50 కోట్లు దాటిన డిపాజిట్లు. సోమవారం 21న పార్లమెంటు మొదలవ్వాలి. రెండు రోజులు ఆగితే బిల్లు పెట్టొచ్చు, ఆగలేదు. కారణం చూడండి. ఆర్డినెన్సు మీద సంతకం పెట్టాల్సింది తాత్కాలిక రాష్ట్రపతి గిరి, ఆయనేమో పోటీకి దిగడానికి 20న పదవి వదిలేస్తున్నారు. ఆయన తరువాత ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆ కుర్చీలో కూర్చున్నారు. అంటే మన పాతపట్నం మాజీ ఎంపీ చివరి పనుల్లో ఒకటి ఆ సంతకం.

1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ చట్టం కొట్టేసింది. పరిహారం లెక్కగట్టిన తీరు, ఆ 14 బ్యాంకుల్నే విడదీసి పట్టుకోవడం కోర్టుకు నచ్చలేదు. నాలుగు రోజుల్లో, 14న, పరిహారం మార్చి కొత్త ఆర్డినెన్సు తెచ్చారు.

ఇక మనవాళ్ల తప్పు: "1969లో ఆంధ్రాబ్యాంకు జాతీయం". కాదు. ఆంధ్రాబ్యాంకు రెండో విడతలోది, 1980 ఏప్రిల్ 15. అప్పుడు ఆరు బ్యాంకులు, కొలబద్ద 200 కోట్లు. స్టేట్ బ్యాంకు ఈ రెండు జాబితాల్లోనూ లేదు, ఇంపీరియల్ బ్యాంకు నుంచి అది 1955లోనే మారింది. గ్రామీణ బ్యాంకులు మూడో దశ: ఎమర్జెన్సీలో, 1975 అక్టోబర్ 2న, మొదట ఐదు. మన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ఆ వరసలో వచ్చిందే, 2006లో గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసిపోయింది.

ఉద్దానం_జీడి

రాజభరణాలు కూడా సెప్పండి. "ఇందిర వల్ల విజయనగరం రాజులకి రాజభరణం పోయింది" అని ఒక కాగితంలో సూసినాను.

బొబ్బిలి_వీణ

పోవడానికి ఉంటే కదా! రాజభరణం అంటే భారత యూనియన్‌లో కలిసిన సంస్థానాధీశులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్ము. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీలు. వీటిని తీసేసింది 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, పరిహారం కూడా దాని కిందే. "మహారాజా" బిరుదు చూసి సంస్థానం అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది.

అసలు రాజభరణాల కథలో మంచి లెక్క ఒకటుంది. 1970 సెప్టెంబర్ 5న రాజ్యసభలో రాజ్యాంగ సవరణ బిల్లుకు అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224కి మూడింట రెండు వంతులంటే 149.33. ఒక ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు పోయింది. మర్నాడు రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు రద్దు చేశారు, డిసెంబర్ 15న సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. 27న లోక్‌సభ రద్దు. మళ్లీ గెలిచి వచ్చాక 26వ సవరణతో 1971 చివర్లో పని పూర్తి చేశారు. బ్యాంకుల తీర్పు, భరణాల తీర్పు, ఏడాదికి ముందే ఎన్నికలు: ఈ మూడూ ఒకే దారంలో గుచ్చితే సమాధానానికి నడక వస్తుంది.

గంటస్తంభం

1971 గురించి క్లుప్తంగా చాలు, అందరికీ వచ్చిందే. గరీబీ హటావో, 518లో 352. ఆగస్టు 9 సోవియట్ ఒప్పందం, డిసెంబర్ 3 నుంచి 16 దాకా యుద్ధం, దాదాపు 93 వేల మంది బందీలు, 1972 జూలై 2 సిమ్లా. గుర్తు విషయంలో జాగ్రత్త: 1971లో ఆవూ దూడా. కాడెడ్లు చీలికకు ముందువి, హస్తం 1978 చీలిక తరువాతది.

అసలు చిక్కు ముడి రాయబరేలీ కేసు. అది మహేంద్రతనయ గారు రాస్తేనే బాగుంటుంది.

మహేంద్రతనయ

రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

1971లో రాయబరేలీలో ఇందిరకు 1,83,309 ఓట్లు, రాజ్‌నారాయణ్‌కు 71,499. తేడా 1,11,810. ఓట్ల లెక్కలో ఏ అనుమానమూ లేదు. రాజ్‌నారాయణ్ వేసింది ఎన్నికల పిటిషన్. ఇందులో "ఎన్ని ఓట్లు మారాయి" అన్న ప్రశ్న రాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్పిన అవినీతి పద్ధతి ఒక్కటి అభ్యర్థి మీద రుజువైనా చాలు, ఎన్నిక పోతుంది. ఇది తెలియకే "చిన్న సాంకేతిక కారణానికి పదవి తీసేశారు" అని రాస్తారు.

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా చాలా ఆరోపణలు కొట్టేశారు. దుప్పట్లు, బట్టలు పంచారన్నది నిలవలేదు. ఆవూ దూడా మతచిహ్నం అన్నది నిలవలేదు. 35,000 రూపాయల ఖర్చు పరిమితి దాటారన్నదీ నిలవలేదు. నిలిచినవి రెండు, రెండూ సెక్షన్ 123(7) కిందివే, అంటే ప్రభుత్వోద్యోగుల సాయం తీసుకోవడం.

మొదటిది యశ్‌పాల్ కపూర్. ప్రధాని సచివాలయంలో ప్రత్యేకాధికారి. రాజీనామా ఇచ్చింది 1971 జనవరి 13న. 14 నుంచి అమల్లోకి వచ్చిందంటూ నోటిఫికేషన్ వెలువడింది మాత్రం జనవరి 25న. ఆయన రాయబరేలీలో జనవరి 7నే ఎన్నికల ప్రసంగం చేశాడు. 25 దాకా ఆయన ఉద్యోగే అన్నది కోర్టు. ఇక ఇందిర ఎప్పటి నుంచి "అభ్యర్థి"? ఆమె నామినేషన్ వేసింది ఫిబ్రవరి 1న. కానీ 1970 డిసెంబర్ 29 నుంచే తాను అభ్యర్థినని చాటుకుందని కోర్టు తేల్చింది. ఈ రెండు తేదీల మధ్యన ఇరుక్కుంది కేసంతా.

రెండోది సభావేదికలు, లౌడ్‌స్పీకర్లకు కరెంటు. ఉత్తరప్రదేశ్ అధికారులు దగ్గరుండి ఏర్పాటు చేశారు.

శిక్ష: ఎన్నిక చెల్లదు, ఆరేళ్ల అనర్హత, అప్పీలుకు 20 రోజుల గడువు. జూన్ 24న సుప్రీంకోర్టు సెలవుల జడ్జి కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు. ప్రధానిగా కొనసాగవచ్చు, సభలో మాట్లాడవచ్చు, ఎంపీగా ఓటు వేయకూడదు. మర్నాడు రాత్రే ఎమర్జెన్సీ.

ఏడురోడ్ల_కూడలి

మరి సుప్రీంకోర్టులో గెలిచింది కదక్కా. హైకోర్టు తీర్పు తప్పని తేలినట్టేనా?

మహేంద్రతనయ

కాదు. తీర్పు కింద ఉన్న నేలనే జరిపేశారు. ఆగస్టులో ఎన్నికల చట్టాల సవరణ తెచ్చి వెనకటి తేదీ నుంచి వర్తింపజేశారు. దానికీ హైకోర్టు తీర్పుకీ జత కలిపి చూడు. అభ్యర్థి అంటే నామినేషన్ అయినవాడే అన్నారు: డిసెంబర్ 29 ఎగిరిపోయింది. రాజీనామా తేదీకి గెజిట్‌లో ఏముంటే అదే తిరుగులేని రుజువన్నారు: జనవరి 25 పోయి 14 నిలిచింది. అధికారులు విధినిర్వహణలో చేసే ఏర్పాట్లు సాయం కిందికి రావన్నారు: వేదికలు, కరెంటు పోయాయి. దీనికి తోడు ప్రధాని ఎన్నిక కోర్టుల పరిధిలోకే రాదని 39వ రాజ్యాంగ సవరణ, ఆగస్టు 10.

నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ సవరణలోని 329ఏ(4) క్లాజును మౌలిక స్వరూప సిద్ధాంతం (రాజ్యాంగం మూల లక్షణాలను సవరణతో కూడా చెరపకూడదన్నది) కింద కొట్టేసింది. మారిన ఎన్నికల చట్టాన్ని మాత్రం నిలిపింది. దాని ప్రకారం ఇందిర ఎన్నిక చెల్లింది. కాబట్టి "సవరణ ఓడింది, ఎన్నిక నిలిచింది" అని రాయి. ఈ ఒక్క వాక్యం లేని కాగితాలే ఎక్కువ.

గంటస్తంభం

ఎమర్జెన్సీ మీద నాలుగు దిద్దుబాట్లు, వరసగా కాకుండా తోచినట్టు చెబుతాను.

అది మొదటి ఎమర్జెన్సీ కాదు. 1962లో చైనా యుద్ధానికి ఒకటి, 1971 డిసెంబర్ 3న ఇంకొకటి. ఆ రెండోది 1975లో ఇంకా అమల్లోనే ఉంది! దాని మీద "అంతర్గత కల్లోలం" పేరుతో మూడోది. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ జూన్ 25 రాత్రి సంతకం చేశారు, మంత్రివర్గం కూడింది 26 ఉదయం. ముందు సంతకం, తరువాత ఆమోదం. అందుకే 1978లో 44వ సవరణ రెండు తాళాలు వేసింది: "అంతర్గత కల్లోలం" స్థానంలో "సాయుధ తిరుగుబాటు", మంత్రివర్గం రాతపూర్వక సలహా తప్పనిసరి.

ఐదో లోక్‌సభ గడువు 1976 మార్చికే తీరాలి. ఒకసారి ఏడాది, మరోసారి ఏడాది పొడిగించారు. 1977 జనవరి 18న ఎన్నికలంటూ ప్రకటించినప్పుడు ఇంకా సమయం ఉంది. ఎందుకు పెట్టిందన్నదానికి ఎవరి ఊహ వారిది, పరీక్షలో ఊహ రాయొద్దు.

మూడోది మన జిల్లాది. "ఎమర్జెన్సీలో శ్రీకాకుళ గిరిజనోద్యమాన్ని అణచివేశారు" అని రాస్తున్నారు. ఆ ఉద్యమాన్ని రగిల్చిన లేవిడి కాల్పులు 1967 అక్టోబర్ 31. దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయింది 1970 జూలై 10. ఎమర్జెన్సీ వచ్చేసరికి ఆ దశ ముగిసి ఐదేళ్లు. ఏజెన్సీ భూములు గిరిజనేతరులు తమలో తాము కూడా కొనకుండా, అమ్మకుండా చేసిన 1970 ఒకటో నిబంధన కూడా ఇందిర ఇరవై సూత్రాల్లోది కాదు. రాష్ట్రం తెచ్చిన నిబంధన, 1970 ఫిబ్రవరి 3 నుంచి అమలు. ఇరవై సూత్రాలు ప్రకటించింది 1975 జూలై 1న.

ఉద్దానం_జీడి

నాలుగోది నేను సెప్తాను. "ఎమర్జెన్సీ కాలంలో విజయనగరం జిల్లాలో" అని మొదలెట్టినోళ్లున్నారు. జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న! అప్పటిదాకా విజయనగరం ఊరు విశాఖ జిల్లాలోది, పార్వతీపురం, బొబ్బిలి మన శ్రీకాకుళం జిల్లాలోవి. మాస్టారి ఊరి గురించి మాస్టారే సెప్పకపోతే ఎలాగేటి?

గంటస్తంభం

సెహభాష్. అదే నాలుగోది, ఒప్పుకున్నాను.

తోటపల్లి_కాలువ

1977 ఫలితం రాసేటప్పుడు ఉత్తరాది అద్దంతో మన రాష్ట్రాన్ని చూడకండి. దేశమంతా కలిపి కాంగ్రెస్‌కు 154. రాయబరేలీలో ఇందిర 55,202 ఓట్ల తేడాతో రాజ్‌నారాయణ్ చేతిలోనే ఓడింది. ఇక్కడ మాత్రం 42లో 41 కాంగ్రెస్‌వే, శ్రీకాకుళంలో బొడ్డేపల్లి రాజగోపాలరావుతో సహా. పోయిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా తరఫున గెలిచింది ఎవరు? నీలం సంజీవరెడ్డి. 1969లో ఇందిర ఓడించిన మనిషే 1977 జూలైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యాడు. 1980 జనవరి 14న ఇందిర చేత ప్రధానిగా ప్రమాణం చేయించిందీ ఆయనే. సమాధానంలో గిరితో మొదలుపెట్టిన దారాన్ని ఇక్కడ ముడివేయొచ్చు.

బొబ్బిలి_వీణ

1977 నుంచి 80 దాకా మూడేళ్లు ఒక పేరాలో సరిపెట్టండి. 1977 అక్టోబర్ 3న అరెస్టు, మర్నాడే మేజిస్ట్రేట్ విడుదల చేశాడు. 1978 జనవరిలో రెండో చీలిక, ఫిబ్రవరిలో మన శాసనసభ ఎన్నికల్లో కొత్త ఇందిరా కాంగ్రెస్‌కే గెలుపు. నవంబర్‌లో చిక్కమగళూరు ఉపఎన్నికలో వీరేంద్ర పాటిల్ మీద నెగ్గి లోక్‌సభకు వచ్చింది. డిసెంబర్ 19న సభాహక్కుల కేసులో బహిష్కరణ, సమావేశాలు ముగిసేదాకా తీహార్ జైలు. ఆ కేసు ఎమర్జెన్సీ గురించి కాదు. ఆమె కొడుకు సంజయ్ గాంధీ మారుతీ కంపెనీ మీద సభలో వచ్చిన ప్రశ్నకు సమాచారం సేకరిస్తున్న అధికారులను అడ్డుకుని వేధించారన్నది అభియోగం. చాలామంది కలిపేస్తారు. 1981 మే 7న తరువాతి లోక్‌సభ ఆ తీర్మానాన్ని రద్దు చేసింది.

గంటస్తంభం

చివరి దశలో మన రాష్ట్రం గురించి ఒక్క పేరా తప్పకుండా ఉండాలి. 1978 నుంచి 1983 జనవరి దాకా చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, కోట్ల విజయభాస్కరరెడ్డి, నలుగురు ముఖ్యమంత్రులు. ఢిల్లీ మార్చింది, ఇక్కడ మారారు. 1969లో కమిటీల్ని దాటేసిన పద్ధతికి పదేళ్ల తరువాతి రూపం ఇదే. దాని మూల్యం 1983 జనవరిలో తెలుగుదేశం గెలుపుగా వచ్చింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తీసేశారు, నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న మళ్లీ ఆయనే ముఖ్యమంత్రి. మధ్యలో గవర్నర్ మారి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. పంజాబ్ వైపు జూన్‌లో ఆపరేషన్ బ్లూస్టార్ (స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపడం), అక్టోబర్ 31న సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంట్లో ఇందిర మీద సొంత రక్షకుల కాల్పులు. అక్కడ వర్ణనలు వద్దు, తేదీ, కారణం చాలు.

ఏడురోడ్ల_కూడలి

మొత్తం కలిపి రెండు పేజీల్లో కుదించినాను. మొదటి పేజీ సగం 1969, తరువాత బ్యాంకులు, భరణాలు, రెండో పేజీలో రాయబరేలీ కేసు, ఎమర్జెన్సీ, మన రాష్ట్రం. ఆఖరి వాక్యం ఇలా పెట్టినాను: "రాయబరేలీ లోక్‌సభ సభ్యురాలిగా ఉండగానే ఆమె హత్యకు గురయ్యారు." సరిపోతాదా?

మహేంద్రతనయ

సరిపోదు తమ్ముడూ. 1980లో రాయబరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి రాయబరేలీ వదులుకుంది. చనిపోయేనాటికి మెదక్ ఎంపీ. ఆ ఒక్క పేరూ మార్చి ఇచ్చేయి.